పాత అనిమేని ఎవరికి అమ్ముతున్నారు?

జపాన్ బయట పాత అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు అమ్మే కంపెనీ పనితనం తెలియాలంటే నేను ముందు బొమ్మ పైఅంచు చూస్తాను. పాత్రల తలలు నిండుగా ఉన్నాయా, జుట్టు కొసలు తెగిపోయాయా అన్నది అక్కడే తెలిసిపోతుంది. డబ్బా మీద ఏం రాశారు, ట్రైలర్‌లో ఏం చెప్పారు అన్నవి తర్వాతి సంగతి.

డ్రాగన్ బాల్ జీ సంగతే తీసుకోండి. 1989లో జపాన్‌లో మొదలై 291 ఎపిసోడ్లు నడిచింది. అప్పటి టీవీ తెర వెడల్పు 4 పాళ్లయితే ఎత్తు 3 పాళ్లు. ఆర్టిస్టులు ఆ కొలతకే బొమ్మ కట్టారు. సెల్ అనే పారదర్శకమైన షీట్ల మీద రంగులు వేసి, 16 ఎంఎం ఫిల్మ్ మీద ఒక్కో ఫ్రేమూ కెమెరాతో తీశారు. 2007లో అమెరికాలో ఫ్యూనిమేషన్ కంపెనీ ఈ సిరీస్‌ని నారింజ రంగు డబ్బాల్లో, సీజన్ల వారీగా డీవీడీలు వేసింది. రీమాస్టర్ చేశాం, వైడ్‌స్క్రీన్‌లో ఇస్తున్నాం అని ఘనంగా చెప్పుకుంది. 4:3 బొమ్మ ఇప్పటి వెడల్పు టీవీల 16:9 తెరంతా నిండాలంటే ఎత్తులో నాలుగో వంతు కోసెయ్యాల్సిందే, వేరే దారి లేదు. ఫిల్మ్‌లో పక్కల కాస్త అదనంగా ఉన్న బొమ్మని బయటికి తెచ్చిన మాట నిజమే. పైనా కిందా పోయినదాన్ని మాత్రం అది పూడ్చలేదు.

ఈ సిరీస్‌లో పోరాటాలు చాలావరకు నిలువుగా సాగుతాయి. ఒకడు ఆకాశంలో ఉంటాడు, ఇంకొకడు కింద బండల మీద నిలబడి పైకి చూస్తుంటాడు. ఇద్దరి మధ్య ఉన్న ఖాళీయే ఆ షాట్‌కి ప్రాణం. ఎత్తు కోసేసరికి పైవాడి జుట్టు తెర అంచు దగ్గర తెగిపోతుంది, కిందవాడి కాళ్లు కనబడవు. ఎవడు ఎంత ఎత్తు నుంచి దూకుతున్నాడో తెలియకపోతే ఆ దూకుడులో ఊపేముంటుంది? దగ్గర నుంచి తీసిన ముఖాల్లో ఇంకా ఘోరం. నుదురు సగం ఉండదు, గడ్డం అంచు ఉండదు.

దీనికి తోడు గ్రెయిన్ తీసెయ్యడం. ఫిల్మ్ మీద తీసిన ఏ బొమ్మలోనైనా సన్నని నూకలాంటి కదలిక ఒకటి కనబడుతుంది. అది మురికి కాదు, ఫిల్మ్ స్వభావమే అది. దాన్ని తుడిచెయ్యడానికి వాడే సాఫ్ట్‌వేర్‌కి గ్రెయిన్‌కీ, సన్నని గీతకీ తేడా తెలియదు. రెండూ కలిపి తుడిచేస్తుంది. కనురెప్ప దగ్గరి గీత ఒక ఫ్రేమ్‌లో ఉంటుంది, తర్వాతి ఫ్రేమ్‌లో సగం ఉంటుంది, ఆపై మళ్లీ వస్తుంది. చేత్తో పూసిన రంగులోని ఎగుడుదిగుడులు పోయి ముఖం ప్లాస్టిక్ బొమ్మలా నున్నగా తయారవుతుంది. పాజ్ చేసి రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ గీత గీసిన మనిషి పనిని చెరిపేశారని అర్థమవుతుంది.

నాకు అసలు బాధ కలిగించేది ఏమిటంటే, అదే కంపెనీకి సరిగ్గా చెయ్యడం తెలుసు. జపాన్‌లో తోయే కంపెనీ తయారుచేసిన మాస్టర్లతో, అంటే మూల ప్రతులతో, ఫ్యూనిమేషన్ 2009 నుంచి 2011 వరకు డ్రాగన్ బాక్స్ సెట్లు వేసింది. 4:3 కొలత, తెగని తలలు, ఫిల్మ్ రంగులు. 2011లో ఒక్కో ఫ్రేమూ బాగుచేస్తూ లెవెల్ పేరుతో బ్లూ-రేలు మొదలుపెట్టింది. రెండు సెట్లు వచ్చాక అంత శ్రమ అన్ని ఎపిసోడ్లకీ సాగదని ఆపేసింది. 2013లో మళ్లీ బ్లూ-రేలు వచ్చాయి, మళ్లీ 16:9 కోతతోనే. అంటే తెలియక చేసిన తప్పు కాదు. కొత్త వెడల్పు టీవీ కొన్నవాడు తెర పక్కల నల్ల పట్టీలు చూస్తే విసుక్కుంటాడని అనుకున్నారు. ఆ ఊహించుకున్న మనిషి కోసం బొమ్మని కోశారు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పాత సిరీస్‌ని ఎవరికి అమ్మాలనుకుంటారో దాన్నిబట్టే దాన్ని ఎలా చూసుకుంటారో తేలిపోతుంది. రిస్టోరేషన్ గురించీ, మార్కెటింగ్ గురించీ మనం విడివిడిగా మాట్లాడుకుంటాం గానీ రెండూ ఒకే నిర్ణయం. పాత అనిమేకి జరిగిన నష్టాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది: ఆ సిరీస్‌ని ఇంతవరకూ చూడని మనిషి, కొత్తగా కథలోకి వచ్చే మనిషి, ఈ కంపెనీల లెక్కల్లో దాదాపు ఎప్పుడూ లేడు.

1985లో లెక్క వేరు. అప్పుడు కొనేవాళ్లు అమెరికన్ టీవీ స్టేషన్లు. వారానికి 5 రోజులు వేసుకోవడానికి కనీసం 65 ఎపిసోడ్లు ఉంటేనే వాళ్లు కొనేవాళ్లు. మాక్రాస్ అనే జపాన్ సిరీస్‌కి ఉన్నవి 36. దాంతో హార్మనీ గోల్డ్ కంపెనీ తరఫున కార్ల్ మాసెక్, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సిరీస్‌లని, అంటే మాక్రాస్, సదరన్ క్రాస్, మోస్పీడాలని, కలిపి కుట్టి 85 ఎపిసోడ్ల రోబోటెక్ తయారుచేశాడు. పాత్రల పేర్లు మార్చి, మూడు కథల్నీ మూడు తరాల కథగా అల్లాడు. ఆ రోజుల్లో ఆ పని చెయ్యకపోతే ఆ సిరీస్ అమెరికా టీవీలో కనబడేదే కాదు. ఆ ఒక్క కార్యక్రమంతో అనిమేలోకి వచ్చినవాళ్లు అక్కడ చాలామంది. అందుకని మాసెక్‌ని తిట్టడం నాకు ఇష్టం ఉండదు. కానీ అప్పుడు రాసుకున్న హక్కుల కాగితాల మీద గొడవ కొన్ని దశాబ్దాలు నడిచింది. మాక్రాస్ తర్వాతి సిరీస్‌లు జపాన్‌లో ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నా బయట సరిగ్గా అమ్మడానికి వీల్లేకపోయింది. 2021 ఏప్రిల్‌లో మాక్రాస్ హక్కులున్న జపాన్ కంపెనీ బిగ్‌వెస్ట్, హార్మనీ గోల్డ్ రాజీకి వచ్చాకే దారి తెరుచుకుంది. టీవీ టైమ్‌టేబుల్ కోసం చేసిన ఒక సర్దుబాటుకి 36 ఏళ్ల తర్వాత ముడి విడింది. మాక్రాస్ 7 వచ్చినప్పుడు పదేళ్లున్న అమెరికన్ పిల్లాడు, దాన్ని పద్ధతిగా చూసే వీలు దొరికేసరికి తన పిల్లలతో కూర్చుని చూడాల్సిన వయసుకి వచ్చాడు.

మార్పులన్నీ పాపం అని నేను అనను. అలా అనే హక్కు మన తరానికి అసలు లేదు. 1993లో దూరదర్శన్‌లో ఆదివారం వచ్చిన జంగిల్ బుక్ జపాన్ అనిమేనే. నిప్పాన్ యానిమేషన్ 1989లో తీసిన 52 ఎపిసోడ్ల సిరీస్ అది. దానికి గుల్జార్ హిందీలో పాట రాశారు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు, షేర్ ఖాన్‌కి నానా పాటేకర్ గొంతు ఇచ్చారు. హిందీ సరిగ్గా రాని మా ఊరి పిల్లలు కూడా ఆ పాటని మాటకి మాట పాడేవాళ్లు. ఆ పాట జపాన్‌లో లేదు. అయినా మోగ్లీ అంటే మనకి ఆ పాటే. మంచి కవి, మంచి సంగీత దర్శకుడు, మంచి నటుడు కూర్చుని చేసిన పని కాబట్టి అది నిలబడింది. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మళ్లీ వేస్తే జనం మళ్లీ చూశారు.

కాబట్టి నేను అడిగేది మార్చొద్దని కాదు. మార్చినదాని పక్కన అసలుదీ ఉండాలి. డబ్బింగ్ చెయ్యండి, పాట కొత్తది పెట్టండి, పిల్లల కోసం ఒక ఎడిషన్ వేరే వెయ్యండి. జపనీస్ ఆడియో, మొదటి పాట, తీసిన కొలతలో బొమ్మ, ఇవి మాత్రం అదే డిస్క్‌లో, అదే యాప్‌లో ఒక బటన్ నొక్కితే రావాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. సింప్సన్స్ పాత ఎపిసోడ్లని డిస్నీ ప్లస్ 2019లో ఇలాగే 16:9కి కోసి పెట్టింది, జోకులు తెగిపోయాయని జనం గోల చేశారు, 2020లో 4:3లో చూసే వీలు ఇచ్చారు. అనిమేకి మాత్రం అలా చెయ్యలేం అంటే నేను ఒప్పుకోను.

సెయిలర్ మూన్ అనే సిరీస్‌ది ఇదే వరస. 1995లో అమెరికాకి వచ్చినప్పుడు మొదటి రెండు సీజన్లలోని 89 ఎపిసోడ్లలో 7 ఎగిరిపోయాయి. మిగతావాటిలోనూ కత్తిరింపులు, కొత్త నేపథ్య సంగీతం. 2014లో విజ్ మీడియా లైసెన్స్ తీసుకుని కోతలు లేకుండా, కొత్త డబ్బింగ్‌తో తెచ్చింది. దానికి దండం పెట్టాలి. అయితే బ్లూ-రే బొమ్మ నాణ్యత మీద మళ్లీ విమర్శలు వచ్చాయి. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడం ఈ రంగంలో మామూలైపోయింది.

ఇవాంగెలియన్ చూడండి. 1995 నాటి 26 ఎపిసోడ్ల సిరీస్. అమెరికాలో దాన్ని అమ్మిన ఏడీవీ కంపెనీ మూతపడ్డాక ఇంగ్లీష్ మార్కెట్‌లో ఏళ్ల తరబడి పద్ధతిగా దొరకలేదు. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో ప్రపంచమంతటా వచ్చింది. మన దగ్గర కూడా చాలామంది మొదటిసారి సక్రమంగా చూసింది అప్పుడే. అంతా బాగుంది గానీ, ప్రతి ఎపిసోడ్ చివరా వచ్చే ఫ్లై మీ టు ద మూన్ పాట హక్కుల ఖర్చు వల్ల చాలా దేశాల్లో లేకుండా పోయింది. ఎపిసోడ్‌లో ఎంత నలిగిపోయినా చివర్లో ఆ పాత అమెరికన్ ప్రేమపాట వేరే వేరే గొంతుల్లో వచ్చేది. ఆ తేడాలోనే సిరీస్ స్వభావం ఉంది. మొదటిసారి చూసినవాడికి ఒక పాట పోయిందన్న సంగతే తెలియదు, ఎవరూ చెప్పరు కూడా. 2021లో అమెరికన్ కంపెనీ జీకిడ్స్ బ్లూ-రే వేసినప్పుడు పాత ఇంగ్లీష్ డబ్బింగ్‌ని ఖరీదైన ఎడిషన్లకే పరిమితం చేశారు. ఆ డబ్బింగ్ మీద ప్రేమ ఉన్నవాడు ఎంతైనా పెడతాడని లెక్క.

ఈ లెక్క పరాకాష్ఠకి చేరింది లెజెండ్ ఆఫ్ ద గెలాక్టిక్ హీరోస్ విషయంలో. 1988 నుంచి 1997 దాకా వచ్చిన 110 ఎపిసోడ్లు. అవినీతితో కుళ్లిన ప్రజాస్వామ్యం మేలా, సమర్థుడైన నియంత మేలా అన్న ప్రశ్నని ఇద్దరు సేనానుల కథగా చెప్పిన సిరీస్ అది. వాళ్లలో ఒకడైన యాంగ్ వెన్‌లీ తను కాపాడుతున్న ప్రభుత్వం మీద నమ్మకం లేకపోయినా, ఆ వ్యవస్థ మీద నమ్మకంతో పోరాడతాడు. ఓటు వేసే ప్రతి దేశంలోనూ చూడాల్సిన కథ. దాన్ని సెంటాయ్ కంపెనీ బ్లూ-రే సెట్‌గా వేసినప్పుడు పెట్టిన ధర 799 డాలర్ల 98 సెంట్లు. మన డబ్బుల్లో 50 వేలు దాటుతుంది. లైసెన్స్ ఖర్చు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ, చిన్న మార్కెట్ అంటారు. అది నేను కాదనను. వాళ్లు స్ట్రీమింగ్‌లోనూ పెట్టారు. కానీ ఆ ధర ఎవరితో మాట్లాడుతోంది? పైరసీ కాపీల్లో ఎప్పుడో చూసేసి, ఇప్పుడు జీతం బాగా వస్తూ, అల్మారాలో పెట్టుకోవాలనుకునే అభిమానితో. ఇంటర్ చదివే కుర్రాడితో కాదు.

మన దగ్గర హీరో పుట్టినరోజుకి పాత హిట్ సినిమాని 4కె అని రీ-రిలీజ్ చేస్తారు చూడండి, దాదాపు అదే వ్యాపారం. హాల్లో ఉన్నవాళ్లకి డైలాగులన్నీ ముందే వచ్చు. ఆ సందడి నాకూ ఇష్టమే. కానీ ఒక సినిమా అలాగే ఎన్నాళ్లు బతుకుతుంది? డైలాగులు వచ్చినవాళ్లు తగ్గిపోతారు. వాళ్ల చిన్నతనం మీద కట్టిన మార్కెట్ వాళ్లతోనే ముగుస్తుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. పాత అనిమే డిస్ట్రిబ్యూటర్ చేతిలో ఉండేది కొన్నేళ్ల లైసెన్స్ మాత్రమే. గడువు అయిపోతే డిస్కులు ఆగిపోతాయి. కంపెనీయే పోతే సంగతి చెప్పనక్కర్లేదు. అమెరికాలో 2007లో జెనియన్ అమ్మకాలు ఆపేసింది. 2009లో సెంట్రల్ పార్క్ మీడియా దివాలా తీసింది, ఏడీవీ మూతపడింది. 2012లో బందాయ్ ఎంటర్‌టైన్‌మెంట్ కొత్త విడుదలలు మానేసింది. ఒక్కో కంపెనీతో పాటు ఎన్నో సిరీస్‌లు అంగట్లోంచి మాయమయ్యాయి. డబ్బింగ్ ట్రాకులు, అనువాదాలు, ఇంగ్లీష్ టైటిళ్లు వేసిన మాస్టర్ టేపులు ఎక్కడెక్కడో పడిపోయాయి. డిజిటల్ వచ్చాక మేలవుతుందని అందరం అనుకున్నాం. 2024 ఏప్రిల్‌లో ఫ్యూనిమేషన్ యాప్ మూసేసినప్పుడు, డిస్కు కొన్నవాళ్లకి దానితో పాటు ఇచ్చిన డిజిటల్ కాపీలూ దాంతోనే పోయాయి. కొత్త సిరీస్ అయితే ఇంకో యాప్‌లో దొరుకుతుంది. పాతదాన్ని వెనక్కి తేవడానికి ఎవరో ఒకరు పట్టుబట్టాలి.

అలా పట్టుబట్టే మనుషులు ఉన్నారు, అదృష్టం. ఫ్లోరిడాలోని డిస్కోటెక్ మీడియా చిన్న కంపెనీ. పని మాత్రం పెద్దది. ప్రాజెక్ట్ ఎ-కో అనే 1986 నాటి సినిమా అసలు ఫిల్మ్ పోయిందని అందరూ నమ్మారు. మంచి మాస్టర్ లేదని, లేజర్‌డిస్క్ అనే పాతకాలపు వీడియో డిస్కు నుంచే వీలైనంత శుభ్రంగా సిగ్నల్ పట్టే ప్రయత్నంలో ఉండగా, 2021లో ఆ 35 ఎంఎం ఫిల్మ్ దొరికింది. కొత్తగా స్కాన్ చేసి విడుదల చేశారు. నాకు నచ్చేది ఫిల్మ్ దొరకడం ఒక్కటే కాదు. దొరక్కముందు కూడా, ఉన్నదాంట్లో నిజాయితీగా ఏం చెయ్యగలమా అని ఆలోచించారు. అసలు మాస్టర్ వీడియో టేపే అయిన సిరీస్‌లని వాళ్లు హెచ్‌డీ అని బుకాయించరు. స్టాండర్డ్ డెఫినిషన్ బొమ్మే అని అట్ట మీద రాసి, ఎపిసోడ్లన్నీ ఒకటి రెండు బ్లూ-రే డిస్కుల్లో సర్ది, తక్కువ డిస్కులతో ముగిస్తారు. కొనేవాడికి ఏం కొంటున్నాడో తెలుస్తుంది.

వాళ్లకన్నా ముందు యానిమైగో అనే కంపెనీ ఉంది, 1988లో మొదలైంది. ఉరుసెయ్ యాట్సురా అనే సిరీస్ క్యాసెట్లతో పాటు వాళ్లు నోట్సు ఇచ్చేవాళ్లు. జపాన్ పండగలు, పాత కథలు, పేర్ల మీద చమత్కారాలు, ఏ సీన్‌లో ఎందుకు నవ్వాలో విడమరిచి చెప్పే కాగితాలు. సిరీస్ గురించి ఏమీ తెలియని మనిషిని ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టే మర్యాద అది. ఈ రోజు స్ట్రీమింగ్ యాప్‌లకి ఆ మర్యాద పోయింది. పాత సిరీస్ అట్టడుగు వరసలో ఉంటుంది. దాని మీద రెండు లైన్ల కథ. ఏ సంవత్సరందో ఉండదు, దర్శకుడి పేరు ఉండదు, ఏ ప్రింటో ఉండదు, సబ్‌టైటిల్స్ ఎవరు రాశారో ఉండదు. పాత పుస్తకం అచ్చేసేటప్పుడు ఏ ప్రతి ఆధారంగా వేశారో ముందుమాటలో రాస్తారు కదా, ఇక్కడ ఆ మాత్రం సమాచారం ఇస్తే ఏం పోతుంది? స్థలం కొరత కూడా లేదు.

ఇక మన సంగతి. అనిమే స్ట్రీమింగ్ యాప్ క్రంచీరోల్ 2023 నుంచి తెలుగు డబ్బింగ్‌లు ఇస్తోంది. మొదట్లో సందేహించాను గానీ, మా అక్క కొడుకు జుజుత్సు కైసెన్ తెలుగులో చూస్తూ సోఫా అంచున కూర్చున్న తీరు చూశాక సందేహం పోయింది. అయితే డబ్బింగ్ అయ్యేవి చాలావరకు కొత్తవే. పాతవి తెలుగులో ఎవరు చూస్తారని కంపెనీల ధీమా కావచ్చు. దానికి 2025 జనవరి 24న ఒక జవాబు దొరికింది. జపాన్‌కి చెందిన యూగో సాకో పూనుకుని, రామ్ మోహన్, కోయిచి ససాకీలతో కలిసి తీసిన రామాయణం అనిమే సినిమా, 1993లో ఢిల్లీ ఫిల్మ్ ఫెస్టివల్‌లో చూపించినది, 4కెలో తెలుగు డబ్బింగ్‌తో సహా థియేటర్లలోకి వచ్చింది. నేను చూసిన హాల్లో సగం మంది పిల్లలు. ఆ బొమ్మ 30 ఏళ్ల కిందటిదని వాళ్లకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కుంభకర్ణుడు లేచినప్పుడు మా ముందు వరసలో ఒక పాప వాళ్ల నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. చేత్తో గీసిన పాత బొమ్మకి కొత్త ప్రేక్షకులు ఉండరన్న మాటని నేను ఇక నమ్మను.

రాముడి కథ కాబట్టి ఆడింది అంటారేమో. సరే, ఆ మాటే పట్టుకుని ఆలోచిద్దాం. ఆ కథ ఎవరిదో గుర్తుపట్టి, వాళ్ల దగ్గరికి తీసుకెళ్లారు. మిగతా పాత సిరీస్‌లకీ అలాంటి మనుషులు ఉంటారు, వెతకాలి. నన్నడిగితే తెలుగులో మొదట తేవాల్సింది మెజోన్ ఇక్కోకు. రుమికో తకహాషి కథ, 1986 నుంచి 1988 దాకా వచ్చిన 96 ఎపిసోడ్లు. గోదై అనే కుర్రాడు యూనివర్సిటీ ఎంట్రెన్స్ తప్పి, మళ్లీ రాయడానికి ఒక పాత అద్దె ఇంట్లో పడి చదువుతుంటాడు. చదువుకుందామని కూర్చోగానే పక్క గదుల వాళ్లు సీసాలతో సహా వచ్చి అతని గదిలోనే పార్టీ పెడతారు. ఇక నా వల్ల కాదు, ఖాళీ చేసి పోతానని సామాను సర్దుకున్న పూటే కొత్త మేనేజర్‌గా క్యోకో వస్తుంది. చిన్న వయసులోనే భర్త పోయిన అమ్మాయి. తన కుక్కని భర్త పేరుతోనే పిలుస్తుంది. అక్కడి నుంచి ఏళ్ల తరబడి, తొందర లేకుండా, అపార్థాలతో, అలకలతో నడిచే కథ.

ఎంట్రెన్స్‌లో ర్యాంకు రాక లాంగ్ టర్మ్ తీసుకున్న పిల్లలు మన రెండు రాష్ట్రాల్లో ప్రతి వీధిలోనూ ఉన్నారు. అమీర్‌పేట హాస్టళ్లలో గోదైలు గదికి ముగ్గురు. సాయంత్రం 7 నుంచి వరసగా సీరియళ్లు చూసే అమ్మలకి క్యోకో మనసులో ఏముందో ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. వీళ్లలో ఒక్కరికీ 1986 నాటి అనిమే మీద జ్ఞాపకాలు లేవు, రెట్రో మోజు లేదు. ఈ సిరీస్‌ని రెట్రో అనే ముద్ర వెయ్యకుండా, 4:3లోనే, తెలుగు మాటలు బాగా రాయగలిగినవాళ్ల చేత రాయించి, జపనీస్ ఆడియో పక్కన ఉంచి, రోజుకో ఎపిసోడ్ చొప్పున ఏదైనా తెలుగు ఓటీటీలో వేస్తే చూస్తారని నా గట్టి నమ్మకం. లైసెన్స్ తెచ్చుకోగల స్థోమత ఉన్నవాళ్లు ఇది చదివితే, ముందు మొదటి 4 ఎపిసోడ్లు డబ్ చేయించి ఒక హాస్టల్లో, ఒక ఇంట్లో చూపించి చూడండి.